మొక్కు పొట్టేలు, ప్రభువు బల్ల

మా బాపు మాట వినే మనిషి. మా ఊళ్ళో ఈ మాటను మెచ్చుకోలుగా అన్నవాళ్ళు తక్కువ. మర్రిగూడ దిక్కు బండల నేలలో గొర్రెలు కాచుకుని బతికే వాళ్ళం. ఎవరేం చెప్పినా తల ఊపే మగవాణ్ని చూస్తే మావాళ్ళకు జాలికంటే ముందు అనుమానం పుడుతుంది, వీడు రేపు మనల్ని ఎవరికి ఒప్పజెబుతాడోనని. నాకూ పుట్టింది. అది నా ప్రాణం మీదికి వచ్చిన అనుమానం గనుక ఇన్నేళ్ళకైనా దాని సంగతి రాయబుద్ధి అవుతోంది.

బాపు చిన్ననాటి నుంచి దొర గడి ముందు చేతులు కట్టుకుని నిలబడి పెరిగినవాడు. పండుగకు ఒక గొర్రె, దొరింట్లో పెళ్ళికి ఒక పొట్టేలు, పట్నం నుంచి అధికారి వస్తే ఇంకొకటి ఊరికే ఇచ్చుకోవాలి. మా పెదబాపు, అంటే బాపు అన్న, మంచి జీవాలను గుట్ట చాటుకు తోలి దాచేవాడట. బాపు దాచేవాడు కాదు. ఒకసారి దొర మనిషి వేలు చూపించాడని సూడి గొర్రెను, కడుపులో పిల్లతో సహా, విప్పి ఇచ్చేశాడు. ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా మా అమ్మ దొరను తిట్టేది కాదు, బాపునే తిట్టేది. దొరల మీద సంఘం తిరగబడ్డ రోజుల్లో దొర పట్నం పారిపోయాడు, గడి తలుపులను ఎవరో ఊడబీక్కుపోయారు. బాపు చేతులు మాత్రం కట్టుకునే ఉన్నాయి.

నాకు నాలుగైదేళ్ళప్పుడు ఒంటినిండా అమ్మ పోసింది. మశూచికి మావైపు అదే పేరు. కళ్ళు కూడా కనపడకుండా ముఖం ఉబ్బిపోతే మా అవ్వ, బాపును కన్నతల్లి, ముత్యాలమ్మకు పొట్టేలును మొక్కింది. ఆ ఏడు పుట్టిన వాటిల్లో బలమైన నల్ల పొట్టేలుపిల్లను ఎంచి, చెవి కోసి మందలో వదిలారు. చెవి కోసిన పొట్టేలును అమ్మకూడదు, కొట్టకూడదు, దాని ఉన్ని కత్తిరించకూడదు. ఎవరి జొన్నచేనులో పడి మేసినా ఎవరూ అదిలించరు. ఊరు పండుగ చేసిన నాడు అమ్మవారి ముందు కోసి మొక్కు చెల్లించేదాకా అది పిల్ల ప్రాణానికి జామీను. నేను ముఖం నిండా గుంటలతో బతికాను. పొట్టేలు ఊరి భయం తిని బలిసింది.

మొక్కు చెల్లించేలోపే బాపు కాలును తోడేలు పట్టింది. పసరు కట్టినా పుండు మానలేదు, కాలు నల్లబడింది. బండిలో వేసి మిషను దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ఒక నర్సమ్మ రోజూ పుండు కడిగి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసేదట. కాలు దక్కింది. బాపు ఇంటికి వచ్చేటప్పుడు కాలుతో పాటు ఏసుప్రభువును కూడా వెంట తెచ్చుకున్నాడు.

మా ఇంట్లో ఆ రోజు ఎవరూ గట్టిగా ఏడవలేదు. అవ్వ ఒక్కతే, బాపు కాలు వంక చూస్తూ, "దొర పోయిండని నేను సంబురపడితి. నువ్వు ఇంకో దొరను తెచ్చుకున్నవు కొడుకా," అంది.

"గీయన గొర్రెను అడగడే," అన్నాడు బాపు.

"ఆగు. ఇయ్యాల్నే గదా వచ్చింది," అంది అవ్వ.

ప్రార్థన ఇల్లు ఊరవతల వాడలో ఉండేది. మా కులపోళ్ళకు బాపు ఏ దేవుణ్ని మొక్కుతున్నాడన్న బాధకంటే ఎవరి పక్కన కూర్చుని మొక్కుతున్నాడన్న బాధ ఎక్కువ. వాడలోవాళ్ళకూ మేమంటే అనుమానమే. గొర్రెలవాళ్ళు తమ గుడిసె లోపలికి వచ్చి చాపమీద కూర్చుంటే, దీని వెనక ఏముందోనని మొదట చాలా ఆదివారాలు మా పక్కన జాగా వదిలి కూర్చున్నారు. అమ్మ బాపు వెంట వచ్చేది, నేను అమ్మ వెంట వచ్చేదాన్ని. అమ్మకు నమ్మకం ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఆమె కొంగుముడిలో పసుపు ఉండేదని మాత్రం తెలుసు.

అక్కడి అయ్యగారు, అంటే పాస్టరు, కోస్తా నుంచి వచ్చినవాడు. సైకిలు మీద ఊరూరా తిరిగేవాడు. మంచివాడే. జ్వరమొస్తే మాత్ర ఇచ్చేవాడు, నన్ను బడిలో వేయమని బాపు వెంటపడింది ఆయనే. కానీ ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: విధేయత. ఆ మాటకు మా నోరు తిరగలేదు. "అంటే ఏంది అయ్యగారూ?" అని బాపు అడిగితే, "దేవుడు చెప్పినమాట ఎందుకని అడగకుండా చేయడం," అన్నాడు. బాపు ముఖం వెలిగింది. ఈ విద్య తనకు పుట్టుకతోనే వచ్చు కదా.

కల్లు మానమంటే మానాడు. మందకు కట్టిన అమ్మవారి గంట తీయమంటే తీశాడు. ఆదివారం పని చేయొద్దంటే గొర్రెలను దొడ్డిలోనే ఉంచేశాడు. ఆదివారమంతా జీవాలు ఆకలికి అరుస్తుంటే ప్రార్థన ఇంటిదాకా వినిపించేది. పెదబాపు వచ్చి దొడ్డి కంప లాగేసి, "మీ దేవుడు ఏడోదినం పని మానిండు గని తిండి మానిండారా?" అని వాటిని తోలుకుపోయాడు. బాపు అయ్యగారిని అడిగాడు. మేపడం పాపం కాదని, అది తాను ముందే చెప్పవలసిందని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా తట్టిన సంగతి బాపుకు తట్టలేదంటే, ఈయనకు ఎవరు ఏం చెప్పినా చేసేస్తాడన్నమాట.

ఆ చలికాలమే అయ్యగారు ఒక ఆదివారం అబ్రాహాము కథ చెప్పాడు. దేవుడు ఒక తండ్రిని పరీక్షించాలనుకుని, నీ బిడ్డను గుట్ట మీదికి తీసుకుపోయి నాకు బలి ఇయ్యి అన్నాడు. ఆ తండ్రి ఎందుకని అడగలేదు. కట్టెలు బిడ్డ నెత్తిన పెట్టి, తాను కత్తి పట్టుకుని బయలుదేరాడు. చివరికి దేవుడు ఆపి, పొదలో చిక్కిన పొట్టేలును చూపించాడు, బిడ్డ బతికింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. బాపు కళ్ళు తుడుచుకున్నాడు. నేను లెక్క వేసుకుంటున్నాను. ఆ కథలో బిడ్డకు బదులు పొట్టేలు పోయింది. మా ఇంట్లో నాకు బదులు పోవలసిన పొట్టేలును, ప్రభువును నమ్ముకున్నాక ఇక అమ్మవారికి కోయనని మా బాపు కూర్చున్నాడు. మరి ఇక్కడ ఎవరు పోవాలి?

తెల్లారి బాపు గొర్రెలకు తుమ్మ కొమ్మలు కొట్టడానికి గొడ్డలి తీసుకుని, "రా బిడ్డా, గుట్టకు పోదాం, కట్టెలు మోద్దువు," అన్నాడు. ఎప్పుడూ పిలిచే పిలుపే. నేను కడుపునొప్పి అని ముడుచుకుని పడుకున్నాను. మర్నాడు పిలిస్తే తలనొప్పి అన్నాను. ఆ తర్వాత ఆయన గొడ్డలి పట్టుకున్నప్పుడల్లా నేను అవ్వ ఒడిలో కూర్చునేదాన్ని. నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటాను. కానీ అప్పుడు ఒంటరిగా ఉన్న అమ్మను పట్టుకుని అడిగాను: "దేవుడు నన్ను ఇయ్యుమంటే బాపు ఇస్తడా?"

అమ్మ జొన్నలు చెరుగుతోంది. ఛీ, గవేం మాటలు అంటుందనుకున్నాను. చేట ఆపి, "దొర అడిగితే సూడి గొర్రెను ఇచ్చినోడు," అంది. అంతే, మళ్ళీ చెరిగింది.

తర్వాతి ఏడు ఊరు ముత్యాలమ్మ పండుగ చేసింది. మొక్కులున్న ఇళ్ళవాళ్ళందరూ పొట్టేళ్ళకు పసుపు పూసి తీసుకుపోతుంటే బాపు మా నల్లదాన్ని దొడ్డిలోనే ఉంచాడు. కులపెద్దలు కూర్చున్నారు. పెదబాపు వాళ్ళ ముందు మొత్తుకున్నాడు: "నీ కాళ్ళు మొక్కుత. నీ దేవుణ్ని నువ్వు మొక్కుకో. పిల్ల మొక్కు దీర్చు. నువ్వు ఇయ్యకుంటే నేనిస్త, పొట్టేలును నాకియ్యి." నాకు పెదబాపు మీద కూడా నమ్మకం లేదు. మమ్మల్ని వెలివేస్తే ఉమ్మడి మందలో మా పాలు, అంటే మా వాటా, ఆయన చేతికిందికే వస్తుంది. అయినా ఆనాడు ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవే అనుకుంటాను. బాపు కదలలేదు. మంద వేరుపడింది. రైతుల చేలల్లో ఎరువు కోసం మంద పెట్టి గింజలు తెచ్చుకునే వంతుల్లోంచి మమ్మల్ని తీసేశారు. మా నిప్పు, మా నీళ్ళు ఎవరూ ముట్టలేదు.

ఇంత చేశాక అయ్యగారు సంతోషించాలి కదా. ఆయనకు ఇంకో అనుమానం పుట్టింది. ఒకరోజు మా దొడ్డి దగ్గర నిలబడి నల్ల పొట్టేలును చూపించి బాపుతో అన్నాడు: "దీన్ని బలి ఇవ్వలేదు, బాగుంది. మరి అమ్మనూ లేదు, కోయనూ లేదు. దాని ఒంటిమీద ఇంకా కత్తెర పడలేదు. ఎందుకు? లోపల నీకు ఇంకా ఆ భయం ఉంది."

బాపు తల వంచుకున్నాడు. అది నిజం.

"క్రిస్మస్‌కు దీన్ని కోసి సంఘానికి విందు పెట్టు. మొదటి ముద్ద నీ కూతురు తినాలి. అందరి ముందూ తినాలి. అప్పుడు ఆ పిల్ల మెడలోంచి ఆ తాడు తెగిపోతుంది. ఇది దేవుడు నీ దగ్గర అడుగుతున్న విధేయత."

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మొక్కు పొట్టేలును ఎవరైనా తినొచ్చు, మొక్కు ఎవరి పేరున ఉందో వాళ్ళు తినకూడదు. తింటే తమ ప్రాణాన్ని తామే కొరికి తిన్నట్టు. ఇది మా ఇళ్ళల్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అవ్వ మాత్రం గట్టిగా నవ్వింది. "సూసినవా? పండుగకు పొట్టేలు గావాలె, గంతే. గడిల నుంచి కూడా గిట్లనే కబురొస్తుండె." అయ్యగారు కూర కోసం అన్నాడని నేను అనుకోను. నన్ను విడిపించాలనే అన్నాడు. నన్ను విడిపించాలనుకున్నవాళ్ళంతా నన్నే పణంగా పెట్టడం ఎందుకో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

బాపు ఆ వారం రోజులు సరిగ్గా తినలేదు. పొద్దుగూకే వేళ దొడ్డిలో గొర్రెల మధ్య మోకాళ్ళ మీద కూర్చునేవాడు. "ఏమంటుండు నీ దేవుడు?" అని అమ్మ అడిగితే, "గట్లనే చెయ్యుమంటుండు," అన్నాడు. అమ్మ ఆ మాట విన్నాక పుట్టింటికి పోతానని మూట కట్టింది, మళ్ళీ విప్పింది. నన్ను తీసుకుని మోత్కూరు దిక్కు ఉన్న మా మామ ఇంటికి పారిపోదామని కూడా అనుకుందట. పోలేదు. భర్త మాట వినడం ఆమెకూ అలవాటే.

క్రిస్మస్ నాడు బాపు తన చేతులతోనే పొట్టేలును కోశాడు. వాడలో పెద్ద గిన్నె పెట్టి వండారు. ఏడాదికోసారి కనపడే తెల్లబువ్వ. ఆరాధన అయ్యాక వరుసగా మోదుగు విస్తళ్ళు వేశారు. అయ్యగారు ప్రార్థన చేసి, బాపు విస్తట్లో, నా విస్తట్లో ముందుగా కూర వేయించాడు. తక్కినవాళ్ళంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. వాడలోని ఆడవాళ్ళు కూడా నా ముఖం వంకే చూస్తున్నారు. వాళ్ళూ ఆ మొక్కులు మొక్కి వచ్చినవాళ్ళే, భయం వాళ్ళకూ తెలుసు. వాకిట్లో అమ్మ నిలబడి ఉంది, లోపలికి రాలేదు. కూర వాసన ఘుమఘుమలాడుతోంది. నాకు ఆకలిగా ఉంది, చచ్చిపోతానని భయంగా ఉంది.

"తినమ్మా. యేసు నామమున తిను," అన్నాడు అయ్యగారు.

నేను చేయి చాపాను. బాపు నా చేతిని పక్కకు జరిపి, నా విస్తరిని తన ముందుకు లాక్కున్నాడు.

"ఇదేమిటి?" అన్నాడు అయ్యగారు.

"నా బిడ్డ తినది. దాని పాలు నేను తింట."

"దేవుని మాట దాటుతున్నావు."

బాపు తన విస్తరి తిన్నాడు, నా విస్తరి తిన్నాడు. తలెత్తకుండా, ముక్క ముక్కా నమిలి, ఎముకలు కూడా వదలకుండా తిన్నాడు. అంత నిశ్శబ్దంలో ఒక మనిషి నమలడం వినాల్సిరావడం ఎంత కష్టమో చెప్పలేను. తిన్నాక విస్తళ్ళు రెండూ మడిచి, నా చేయి పట్టుకుని బయటికి నడిచాడు.

మొక్కు పొట్టేలును అమ్మవారికి ఇవ్వకుండానే కోసి తిన్నాడని కులం వాళ్ళు తుపుక్కున ఉమ్మారు. బిడ్డకు పెట్టలేదు గనుక వాడి గుండెల్లో ఇంకా అమ్మవారే ఉందని సంఘంలో అనుకున్నారు. అటూ కాక ఇటూ కాక పోయాడు. ఎండాకాలంలో నాకు జ్వరం వస్తే రెండువైపుల వాళ్ళూ మా వాకిలి వంక చూస్తూ కూర్చున్నారు. పెదబాపు చాటుగా కోడిని కోశాడట, అయ్యగారు ఉపవాసం ఉన్నాడట, అవ్వ నన్ను వేపాకులో పడుకోబెట్టింది. తగ్గాక ముగ్గురూ తమ వల్లే అన్నారు. బాపు మాత్రం ఎప్పటిలా మంద తోలుకుపోయాడు.

ప్రార్థన మానలేదు ఆయన. ప్రతి ఆదివారం పోయేవాడు, గుమ్మం దగ్గర కూర్చునేవాడు. కానీ ప్రభువు బల్ల నాడు, ఆయన శరీరం, రక్తం అని పంచే రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్ళెం తన ముందుకు వస్తే ముట్టకుండా పక్కవాడికి జరిపేవాడు. అయ్యగారు రెండుమూడుసార్లు మంచిగానే అడిగాడు. కోపం లేదని, తీసుకోమని బతిమాలాడు కూడా. బాపు తల అడ్డంగా ఊపేవాడు. ఆయన బతికినన్నాళ్ళలో తల అలా ఊపడం అక్కడే చూశాను.

ఎందుకు ముట్టడు? చాటుగా ముత్యాలమ్మకు మొక్కుతున్నాడేమో, రెండు బల్లల మీద తినకూడదని మానేశాడేమో అని అందరి అనుమానం. నాదీ అదే. అమ్మ ఆయన గొంగడి మడతల్లో పసుపు కోసం వెతికింది, తంబాకు దొరికింది. నేను ఒకటి రెండుసార్లు ఆయన వెనకే గుట్టదాకా పోయి చూశాను. గొర్రెలు మేపుకుంటూ ఏవో పాటలు, వచ్చీరాని ప్రార్థన పాటలు, పాడుకుంటున్నాడు. అది కూడా నేను వెనక ఉన్నానని తెలిసే పాడుతున్నాడేమో అనుకున్నాను. అనుమానం అంటే అంతే. మజ్జిగలో కూడా కల్లు వాసన పడుతుంది.

తర్వాత నేను నల్లగొండలో హాస్టల్లో ఉండి చదివి, టీచరు శిక్షణకు చేరాను. ఆ అయ్యగారు బదిలీ అయి కోస్తాకు వెళ్ళిపోయాడు, కొత్తాయన వచ్చాడు. అవ్వ పోయింది. బాపుకు కీళ్ళు పట్టేశాయి, ఫ్లోరైడు ఉన్న మా నీళ్ళు తాగే చాలామందికి లాగే నడుము వంగింది. చివరికి ఛాతీలో నీరు చేరింది. కబురొస్తే వచ్చాను. ఆరోజు పొద్దున కొత్త అయ్యగారు ఇంటికే రొట్టె తెచ్చాడట. మంచం మీద ఉన్న మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడట.

ఎండ వాలుతుండగా నేను ఆయన పక్కన కూర్చుని సూటిగా అడిగాను. "బాపూ, నువ్వు ముత్యాలమ్మను మొక్కుతున్నవా?"

ఆయన నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "గది నీకెవరు జెప్పిండ్రు?"

"మరి ప్రభువు బల్ల ఎందుకు ముడుతలేవు?"

"ఆయన మాట దాటినోణ్ని బిడ్డా. ఏ మొకం పెట్టుకుని ఆయన చేతి బువ్వ తినాలె?"

నాకు అప్పటికి చదువు తెచ్చిన కోపం ఉంది. "ఆ మాట దేవుడు చెప్పలే బాపూ! అయ్యగారు చెప్పిండు. అయ్యగారి మాట దాటినవు, గంతే."

"నీకు గట్ల అనిపిస్తది. చదువుకున్నవు. నాకు దొడ్డిల కూసుంటే ఆయన చెప్పినట్టే ఇనవడ్డది. ఇప్పటికి గూడ గట్లనే ఇనవడ్తది. ఎన్కకు తీసుకోలే ఆయన."

"దేవుడే చెప్పిండని అనుకున్నవు. మరి ఎందుకు వినలే?"

బాపు తల నా వైపు తిప్పాడు. "ఇస్తరాకు నీ ముందటుంటే నువ్వు కూర దిక్కు చూడలే. నా దిక్కు చూసినవు. గీ బాపు నన్ను ఇస్తడా అని చూసినవు. దొరకు ఇచ్చిన. ఎవలు అడిగినా ఇచ్చిన. గా చూపు చూసినంక నా చెయ్యి రాలే." ఊపిరి అందక ఆగాడు. "ఆయనకు గూడ ఒక్క కొడుకే గదా. సిలువ మీదికెళ్ళి గట్లనే చూసి ఉంటడు ఆ కొడుకు. ఆయన ఇచ్చిండు. నేను ఇయ్యలే. పోయినంక ఏమంటడో ఏమో, అదే నా ఫికరు."

నేను ఇన్నేళ్ళూ మా బాపు నన్ను దేవునికి ఇచ్చేస్తాడని భయపడ్డాను. ఆయన నా కోసం దేవుణ్నే వదులుకుని, ఆ దేవుని గుమ్మంలోనే కూర్చుని, ప్రతి బల్లకూ ఆకలితో లేచి వచ్చాడు. ఒంట్లోంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఏ దేవుని మీదో తెలియని కోపం వచ్చింది.

లేచి వాడకు పోయి కొత్త అయ్యగారిని పిలుచుకొచ్చాను. ఆయన రొట్టె విరిచి ప్రార్థన చేశాడు. నేను ఆ ముక్కను అందుకుని బాపు నోటి దగ్గర పెట్టాను. ఆయన రొట్టెను చూడలేదు. నా ముఖంలోకి చూశాడు, తినొచ్చునా అన్నట్టు.

"తిను బాపూ," అన్నాను.

తిన్నాడు.